జీపీఎస్: ఫోన్‌లో చుక్క అక్కడే.. పొలం హద్దు మాత్రం వేరే! తేడా ఎందుకొస్తుందంటే?

ఫోన్ తీసి గట్టు చుట్టూ ఒక రౌండ్ నడిస్తే చాలు, పొలం ఎన్ని సెంట్లో యాప్ చెప్పేస్తోంది. పులివెందుల చీనీ, అరటి తోటల్లోనూ ఇదే లెక్క చూసుకోవచ్చు. కానీ ఆ లెక్కను నమ్మి హద్దు రాయి పాతొచ్చా? అస్సలు కుదరదు. ఎందుకో చూద్దాం.

జీపీఎస్ ఎలా పనిచేస్తుంది?

జీపీఎస్ ఉపగ్రహాలు భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతుంటాయి. సిగ్నల్ రావడానికి పట్టిన సమయాన్ని బట్టి ఫోన్ దూరం లెక్కేస్తుంది. కచ్చితమైన లొకేషన్‌కు కనీసం నాలుగు ఉపగ్రహాలు కావాలి. సమయంలో సెకనులో పది లక్షల వంతు తేడా వచ్చినా దూరం 300 మీటర్లు తప్పుతుంది.

ఒకప్పుడు 100 మీటర్ల తేడా

సామాన్యులకు అందే సిగ్నల్‌లో అమెరికా కావాలనే తేడా పెట్టేది. దాంతో లొకేషన్ 100 మీటర్ల వరకు తప్పేది. 2000 మే మొదట్లో దాన్ని ఆపేశారు. ఆ వెంటనే, మే 3న డేవ్ ఉల్మర్ అనే వ్యక్తి ఒరెగాన్‌లో ఒక బకెట్ దాచి, దాని అక్షాంశ రేఖాంశాలను ఇంటర్నెట్‌లో పెట్టారు. జియోకాషింగ్ అనే ‘దాచిన డబ్బా వెతుకులాట’ అలా మొదలైంది. జీపీఎస్ డబ్బా దగ్గరి వరకే తీసుకెళ్తుంది. చివరి కొన్ని మీటర్లు కళ్లతో వెతకాల్సిందే.

ఇప్పుడు తేడా ఎంత?

ఆకాశం బాగా కనిపించే చోట మామూలు ఫోన్ సుమారు 5 మీటర్ల లోపు చూపిస్తుంది. చెట్ల కింద, భవనాల మధ్య ఇంకా పెరుగుతుంది. జమ్మలమడుగు దగ్గర గండికోట లోయ లాంటి చోట రాతి గోడలు ఆకాశాన్ని కప్పేస్తాయి. సిగ్నల్ రాళ్లకు తగిలి తిరిగొస్తే ఫోన్ దూరాన్ని ఎక్కువగా లెక్కేస్తుంది.

8 సెంట్లు పోతాయ్!

చదరంగా ఉన్న ఎకరం పొలం ఒక్కో వైపు దాదాపు 64 మీటర్లు. ఒక్క గట్టు 5 మీటర్లు జరిగితే సుమారు 8 సెంట్లు అటో ఇటో అవుతాయి. అన్నదమ్ముల మధ్య గొడవకు అది చాలదా?

అందుకే సర్వేయర్లు ఫోన్ వాడరు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబర్ 21న జగ్గయ్యపేట మండలం తక్కెళ్లపాడులో ప్రారంభమైన భూముల రీసర్వేలో డ్రోన్లు, రోవర్లు వాడారు. స్థిరంగా ఉండే కోర్స్ బేస్ స్టేషన్లు సిగ్నల్‌లోని తప్పును కనిపెట్టి రోవర్‌కు పంపుతాయి. దాంతో తేడా సెంటీమీటర్లకు తగ్గుతుంది.

ఫోన్‌తో చూసేటప్పుడు ఇవి గుర్తుంచుకోండి

• ఆరుబయట రెండు మూడు నిమిషాలు ఆగాకే రీడింగ్ తీసుకోండి.
• మ్యాప్‌లో చుక్క చుట్టూ నీలం వలయం పెద్దగా ఉంటే తేడా ఎక్కువున్నట్లే.
• వేర్వేరు సమయాల్లో చూసి పోల్చుకోండి.
• లొకేషన్ పంపేటప్పుడు దశాంశం తర్వాత ఐదు అంకెలు ఉంచండి. నాలుగే ఉంటే ఒక్క అంకె తేడాకే 11 మీటర్లు మారుతుంది.
• ఎల్5 సిగ్నల్ కూడా అందుకునే ఫోన్లు కాస్త మెరుగు.

దారికి, తోట గుర్తుకు, సుమారు విస్తీర్ణానికి ఫోన్ చాలు. అమ్మకం, పంపకం, హద్దు తగాదా అయితే మాత్రం సర్వేయర్‌తో కొలిపించుకోవాల్సిందే.