నిప్పుకొండలు, మంచునదులు, దారి చూపినవారు

సికిందరాబాదు వాసులకు కొండ యనగానే మౌలాలి గుట్టవంటి బోడిగుండ్ల కుప్ప స్ఫురించును. ఈ గ్రానైటు రాళ్ల వయస్సు ఇంచుమించు 250 కోట్ల ఏండ్లు. వీనిమీద ఎండ కాయును, వాన జారిపోవును; అంతకుమించి వీనికి చరిత్ర లేదని మన భావన. అగ్నిపర్వతముల పొగను గాని, హిమానీనదముల చలిని గాని మనలో చూచినవారు అరుదు. అయినను మన తెలుగునేల ఆ రెండింటిని ఒకనాడు ఎరిగినదే.

ఇచ్చటినుండి పడమటగా వికారాబాదు వైపు పోయినచో రాతి రంగు మారును. ఆ నల్లరాయి గడ్డకట్టిన లావా. దాదాపు 6 కోట్ల 60 లక్షల ఏండ్ల క్రిందట దక్కనులో నేల పగిలి పొంగిన ద్రవము పొరమీద పొరగా పరచుకొనినది. ఆ రాయి చివికి ఏర్పడినదే పత్తి పండు నల్లరేగడి. ఇక గోదావరి లోయకు పోదము. అచ్చట బొగ్గుపొరల కడుగున తాల్చీరు రాళ్లనబడునవి కలవు. ఇంచుమించు 30 కోట్ల ఏండ్ల నాడు, మన భూభాగము దక్షిణ ధ్రువమునకు చేరువగా నున్నప్పుడు, హిమానీనదములు ఈడ్చుకొనివచ్చి వదలిన గుండ్లును మన్నును అవి. 1856 ప్రాంతమున ఒడిశాలోని తాల్చేరులో ఇట్టి రాళ్లను పరీక్షించిన భూగర్భశాస్త్రజ్ఞులు, ఇంతటి ఉష్ణదేశమున మంచు జాడలు కనుపించుటకు విస్మయము చెందిరి. కావున నిప్పుకొండలమీదను మంచునదులమీదను రోజుల తరబడి సాగు కాలినడక యాత్రల చరిత్ర మనకు బొత్తిగా పరాయి విషయము కాదు.

ఈ చరిత్రలో మా దృష్టిని ముఖ్యముగా ఆకర్షించినది శిఖరము గాదు, శిఖరమెక్కిన ప్రముఖుడు గాదు. అతని ముందు నడచి త్రోవ చూపిన మనుష్యుడు. చరిత్రపుటలలో ఆ మనుష్యుని పేరు తరచుగా కనుపించదు.

మన జంటనగరములకు సంబంధించిన నిదర్శనమే ఒకటి కలదు. మహాత్రికోణమితి సర్వేలో కర్నల్ లాంబ్టనుకు సహాయకుడుగా జార్జి ఎవరెస్టు 1818లో హైదరాబాదునకు వచ్చెను. కృష్ణా గోదావరుల నడిమి అడవులలో కొలతలు సాగించుచుండగా విషజ్వరము సోకి, అతడును అతని పరివారమును మంచము పట్టిరి. వెంట వచ్చినవారిలో కొందరు ప్రాణములే కోల్పోయిరి. ఎవరెస్టు మాత్రము 1820లో ఆరోగ్యము కొరకు గుడ్ హోప్ అగ్రమునకు పోయి కోలుకొని మరలివచ్చెను. ఆ జ్వరమునకు మూలమైన దోమ గుట్టు 1897లో ఈ సికిందరాబాదు చెంతనే, బేగంపేటలో, రొనాల్డ్ రాస్ చేతికి చిక్కుట వేరొక కథ. ప్రపంచమున అత్యున్నత శిఖరమునకు 1865లో ఎవరెస్టు పేరు స్థిరపడినది. ఆ శిఖరము ఎత్తును అతడు లెక్కగట్టలేదు. అతడు ఉద్యోగము విరమించిన పిమ్మట, 1852లో, రాధానాథ్ సిక్దార్ మున్నగువారి గణితమువలన అది తేలినది. తెలుగు అడవులలో జెండాలు పట్టి, చెట్లు నరికి, బరువులు మోసి, జ్వరముతో మరణించినవారి పేర్లు ఏ శిఖరమునకును పెట్టబడలేదు.

ఐరోపాలో పర్వతారోహణము ఒక విద్యగా 1786 ఆగస్టు 8వ తేదీనుండి లెక్కింపబడుచున్నది. ఆనాడు షామొనీ గ్రామమునకు చెందిన పక్కార్ అను వైద్యుడును, కొండలలో స్ఫటికములు ఏరుకొని బ్రతుకు బాల్మా అను పల్లెవాడును మోఁ బ్లాఁ శిఖరమును చేరిరి. 1820లో హామెల్ అను శాస్త్రజ్ఞుని బృందము అదే కొండ నెక్కుచుండగా మంచుచరియ విరిగిపడి ముగ్గురు మార్గదర్శులు మృతినొందిరి. మరుసటి యేడు, 1821లో, ఆ గ్రామమువారు మార్గదర్శుల సంఘమును స్థాపించుకొనిరి. ఎవరి వంతు ఎప్పుడో, కూలి ఎంతయో, ఆపద వచ్చినచో కుటుంబమునకు ఆదరువు ఏదియో నిర్ణయించుకొనిరి. నేటికిని ఆ సంఘము నడచుచున్నది. శోకమునుండి కట్టుబాటు పుట్టుటకు ఇది చక్కని దృష్టాంతము.

కాకసస్ పర్వతములలోని ఎల్‌బ్రుస్ నిద్రాణమైన అగ్నిపర్వతము. దాని నెత్తిమీద హిమానీనదములు పరచుకొని యున్నవి. ఎత్తు 18,510 అడుగులు. 1829లో రష్యా శాస్త్రజ్ఞుల బృందముతో జనరల్ ఇమాన్యుయేల్ అచ్చటికి పోయెను. పండితులు మెత్తబడిన మంచులో కూరుకొని మధ్యదారినే ఆగిపోయిరి. వారికి దారి చూపుటకు కుదిరిన కిలార్ ఖషిరోవ్ అను కొండవాడొక్కడే తూర్పు శిఖరమును చేరెను. ఆఫ్రికాలోని కిలిమంజారో కూడ అగ్నిపర్వతమే. భూమధ్యరేఖకు చేరువ నున్నను దాని కొమ్మున మంచు కలదు. 1889 అక్టోబరులో హాన్స్ మేయర్, లుడ్విగ్ పుర్ట్‌షెల్లర్ అనువారు దాని శిఖరము నెక్కిరని గ్రంథములు చెప్పును. వారికి దారి చూపినవాడు యోహానీ కిన్యాలా లావో అని అచ్చటి చాగ్గా ప్రజలు చెప్పుకొందురు.

ఇట్టి యాత్రలో మార్గదర్శి చేయు పని ఏమి? కిలిమంజారో యాత్ర అయిదు మొదలు ఎనిమిది దినముల నడక. పొలములు, దట్టమైన అడవి, పొదలు, రాతియెడారి దాటి తుదకు మంచు వచ్చును. 19,341 అడుగుల శిఖరముమీద గాలి ఒత్తిడి సముద్రతీరమున నుండుదానిలో ఇంచుమించు సగమే. శ్వాసకు ప్రాణవాయువు చాలదు. తొందరపడి ఎక్కినవానికి తలనొప్పి, వాంతులు ఆరంభమై, ఊపిరితిత్తులలోనో మెదడులోనో నీరు చేరి ప్రాణాపాయము కలుగును. కావున అచ్చటి మార్గదర్శులు అడుగడుగునకు "పోలే, పోలే" యని హెచ్చరింతురు. స్వాహిలీ భాషలో దానికి మెల్లగా అని అర్థము. నిదానమే ప్రధానమను మన సామెతయే అది. ఎల్‌బ్రుస్‌వంటి చోట అపాయము మరియొక రీతిది. హిమానీనదము కదలెడి మంచు. అందు లోతైన పగుళ్లు ఉండును. క్రొత్తమంచు వానిని కప్పివేయును. ఒకడు జారినను తక్కినవారు నిలువరించునట్లు అందరిని ఒక త్రాటికి కట్టి నడిపింతురు. ఎండ తగిలి మంచు మెత్తబడకముందే శిఖరము చేరుటకై నడిరాత్రి దాటగనే బయలుదేరదీయుదురు. అన్నిటికంటె కష్టమైన పని, శిఖరము కనుచూపు మేరలో నుండగా ఇక వెనుకకు మరలుదమని చెప్పుట. మార్గదర్శి విద్య యంతయు ఆ ఒక్క మాటలో నున్నది.

తెలుగువారిలో ఈ విద్యకు పేరు తెచ్చినవారిలో మల్లి మస్తాన్ బాబు అగ్రగణ్యుడు. నెల్లూరు జిల్లా గాంధీజనసంఘములో 1974లో జన్మించి, కోరుకొండ సైనిక పాఠశాలలో చదివి, ఖరగ్‌పూరులోను కలకత్తాలోను ఉన్నతవిద్య నభ్యసించినవాడు. 2006 జనవరి 19న అంటార్కిటికాలోని విన్సన్ శిఖరముతో ఆరంభించి, జూలై 10న ఉత్తర అమెరికాలోని డెనాలితో ముగించి, 172 దినములలో ఏడు ఖండముల ఉన్నత శిఖరములను ఎక్కెను. ఈ ఏడింటిని ఎక్కిన దినములు వారములోని ఏడు వేర్వేరు వారములగుట ఒక విశేషము. ఇందు కిలిమంజారో మార్చి 15న, ఎవరెస్టు మే 21న, ఎల్‌బ్రుస్ జూన్ 13న.

పిమ్మటి తరమునకు చెందినది నిజామాబాదు జిల్లా పాకాల గ్రామపు గిరిజన బాలిక మాలావత్ పూర్ణ. సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలలో చదువుచు, సికిందరాబాదునుండి కాజీపేటకు పోవు రైలుమార్గముపై నున్న భువనగిరి కొండరాతిమీద ఎక్కుట నేర్చుకొన్నది. తరువాత డార్జిలింగు సంస్థలో శిక్షణ పొందినది. 2014 మే 25న, పదునాలుగేండ్లు నిండకముందే, ఖమ్మము ప్రాంతపు సాధనపల్లి ఆనంద్ కుమార్‌తో కూడ టిబెట్టువైపునుండి ఎవరెస్టు నధిరోహించెను. 2016లో కిలిమంజారోను, 2017లో ఎల్‌బ్రుస్‌ను ఎక్కి, 2022లో డెనాలితో ఏడు శిఖరములు పూర్తిచేసెను. మన గుండ్రాళ్లు ఒట్టి రాళ్లని ఇక అనరాదు.

అయితే అదే 2014 ఏప్రిల్ 18న, ఎవరెస్టునకు నేపాళమువైపున, ఖుంబు మంచుపాతములో మంచు విరిగిపడి పదునార్గురు మరణించిరి. వారందరును నేపాళీయులే, ఇతరులు ఎక్కుటకై దారి సిద్ధపరచుచు, సామగ్రి మోయుచు పోయినవారు. వారు ఎక్కినది కీర్తికై గాదు, జీవనమునకై. శిఖరముపై దిగిన ఛాయాచిత్రమును చూచి మనము సంతోషించునప్పుడు, త్రాళ్లు బిగించిన చేతులు ఆ చిత్రమున కానరావు.

మరుసటి యేడు మనకే దుఃఖము వచ్చినది. ఆండీస్ పర్వతములలో అర్జెంటీనా, చిలీ దేశముల సరిహద్దున త్రెస్ క్రూసెస్ అను అగ్నిపర్వత సముదాయము కలదు. ఎత్తు 22 వేల అడుగులకు మించినది. 2015 మార్చి 24న మస్తాన్ బాబు విడిది వదలి ఒంటరిగా అచ్చటికి బయలుదేరెను. వాతావరణము వికటించెను. వెదకినవారికి ఏప్రిల్ మొదటివారములో అతని దేహము లభించినది. ఆ నెలలోనే స్వగ్రామమున అంత్యక్రియలు జరిగినవి. ఒంటరిగా పోవుట తప్పని ఇంట కూర్చుండి తీర్పు చెప్పుట సులభము. అంతటి నేర్పరికి కొండ తెలియదనుట సాహసము. ఒంటరి నడకలో మనస్సుకు దొరకు స్వేచ్ఛ యేదో అది పోయినవారికే తెలియును. కాని మనకు ఒక్కటి మాత్రము తెలియును: ఎంతటి సమర్థునకైనను ఇక చాలునని ప్రక్కనుండి చెప్పువాడొకడు ఉండిన మేలు.

ఇప్పుడు ఆ మార్గదర్శుల బ్రతుకునకు మరియొక ముప్పు తోచుచున్నది. కిలిమంజారోపై 1912లో నున్న మంచులో ఎనుబది పాళ్లకు పైగా కరిగిపోయినది. ఎల్‌బ్రుస్ హిమానీనదములును కుంచించుకొనిపోవుచున్నవి. తాతలు చూపిన త్రోవలు మనుమలకు పనికిరాకపోవచ్చును. నిన్న గట్టిగా నున్న మంచు నేడు పగులు కావచ్చును. పాతదారి మారినకొలది దారి తెలిసినవాని అవసరము తగ్గదు, పెరుగును.

మన పాఠశాలల పిల్లలు ఇకముందు మరిన్ని శిఖరములు ఎక్కగలరు. వారి విజయములను చరిత్రగా వ్రాయువారికి మా మనవి యొకటి. ఎక్కినవారి పేరు, ఎత్తు, తేదీలతోపాటు త్రాడు పట్టినవాని పేరును, అతని ఊరిని కూడ వ్రాసియుంచవలెను. ఆ పంక్తి లేనిచో లెక్క పూర్తి కాదు.