ఏ సంఘం?



మన నెమలిలో "ఈ రోజు సంఘం ఉంది" అంటే "ఏ సంఘం?" అని అడగాల్సిందే. డ్వాక్రా అక్కలకు సంఘం ఉంది, రైతులకు సంఘం ఉంది, మనకూ సంఘం ఉంది. ఇందరు వాడుకునే ఈ మాట ఎక్కడిది?

ఇది సంస్కృత పదం. దగ్గరగా చేరి ఒకటైన గుంపు అని భావం. సుమారు 2,500 ఏళ్ల క్రితం ఉత్తర భారతంలో వజ్జి, మల్ల వంటి రాజ్యాలను ఒక్క రాజు కాక, పెద్దలు సభ కూడి నడిపేవారు. అలాంటి రాజ్యాలను సంఘాలు అనేవారు. ఇల్లు విడిచి తన వెంట వచ్చిన భిక్షువుల సమూహానికి బుద్ధుడు ఆ మాటే వాడాడు.

ఆ సంఘం మన జిల్లాకూ వచ్చింది. జగ్గయ్యపేట దగ్గర బౌద్ధ స్తూపాన్ని 1882లో జేమ్స్ బర్జెస్ పరిశోధించాడు. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని 20వ ఏట సిద్ధార్థుడనే చేతిపనివాడు అక్కడ ఐదు స్తంభాలు నిలిపినట్టు శాసనం ఉంది. అది క్రీస్తు శకం 3వ శతాబ్దం. ఆ రాళ్లు మిగిలాయి, ఆ భిక్షువులు లేరు. వారి నియమం ప్రకారం కనీసం నలుగురు భిక్షువులు ఉంటేనే సంఘం. అంటే సంఘం మనుషులే, కట్టడం కాదు.

అమావాస్యకూ పౌర్ణమికీ వారు కూడి తమ నియమాలు చదువుకునేవారు. జబ్బుపడి రాలేనివాడు తోటి భిక్షువుతో కబురు పంపాలి. వినయపిటకంలో ఒక సంగతి ఉంది. కడుపు జబ్బుతో పడి ఉన్న ఒక భిక్షువును ఎవరూ పట్టించుకోలేదు. బుద్ధుడు, ఆనందుడు అతన్ని స్వయంగా కడిగి మంచం మీద పడుకోబెట్టారు. తల్లిదండ్రులను విడిచి వచ్చిన మీరు ఒకరినొకరు చూసుకోకపోతే ఇంకెవరు చూస్తారని బుద్ధుడు మిగిలినవారిని అడిగాడు. ఇది చదివినప్పుడు నాకు మత్తయి సువార్త 25వ అధ్యాయం గుర్తొచ్చింది.

క్రొత్త నిబంధనలో మనం సంఘమని చదివే చోట గ్రీకులో "ఎక్లేసియా" అని ఉంటుంది. ఏథెన్సులో పౌరులు కూడి నిర్ణయాలు చేసే సభకు అదే పేరు. రెండు మాటలూ మొదట ఊరి వ్యవహారాలు చూసే సభలవే. తేడా కూడా ఉంది. బౌద్ధ సంఘమంటే ముఖ్యంగా ఇల్లు విడిచినవారు. మన సంఘంలో పిల్లలు, పశువులు, పొలం పనులు ఉన్నవారే ఎక్కువ.

ఒక మాట ఒప్పుకోవాలి. ఆ మధ్య ఒక పెద్దమ్మ మూడు ఆదివారాలు రాలేదు. ఎంతమంది వచ్చారో లెక్క చూశాను గానీ ఆమె కూర్చునే చోటు చూడలేదు. నాలుగో వారం వెళ్తే మంచంలో ఉంది. "అయ్యగారూ, సంఘం బాగుందా?" అని ఆమే నన్ను అడిగింది. నేను తల దించుకున్నాను.

ప్రియులారా, ఈ ఆదివారం మీ పక్కన ఖాళీగా ఉన్న చోటు చూడండి. అక్కడ ఎవరు కూర్చునేవారో గుర్తు తెచ్చుకోండి. ఆరాధన అయ్యాక ఇంటికి వెళ్లేముందు వారి గడప తొక్కి రండి. అప్పుడు "ఏ సంఘం?" అని ఎవరైనా అడిగితే చెప్పడానికి మనకు జవాబు ఉంటుంది.

ప్రభువు మనకు అట్టి మనసు దయచేయును గాక. ఆమేన్.