దంతధాతువు నడిచిన దారి: ప్రాచీన కావ్యాలలో ప్రేమ, మృత్యువు, దేవతలు

శ్రీకాకుళం రోడ్డు స్టేషన్‌లో రైలెక్కి ఖరగ్‌పూర్‌కు వెళ్ళే ప్రయాణికుడు ఒడిశా తీరమంతా దాటి, సువర్ణరేఖా నదిని, జలేశ్వరాన్ని వెనుక వదిలి, బెంగాల్‌లో ప్రవేశించిన కొద్దిసేపటికే దాంతన్ అనే చిన్న స్టేషన్‌ను దాటుతాడు. 19వ శతాబ్ది చివరలో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఖరగ్‌పూర్‌ను కూడలి స్టేషన్‌గా నిర్మించింది. ఆ తరువాత అక్కడి కార్ఖానాలోనూ, రైలుమార్గం పనులలోనూ జీవనోపాధి వెదుక్కుంటూ శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల తెలుగువారు పెద్ద సంఖ్యలో ఈ దారినే వచ్చి స్థిరపడ్డారు. వారు విడిచివచ్చిన సీమలో, ఆమదాలవలసకు సమీపాన, ప్రజలు దంతవక్త్రుని కోట అని పిలుచుకొనే ప్రాచీనమైన మట్టికోట ఉంది. వారు వచ్చిన దారిలో దాంతన్ ఉంది. వారు చేరిన ఊరికి తూర్పున తమ్‌లుక్ ఉంది. అదే ప్రాచీన తామ్రలిప్తి రేవు. ఈ మూడు పేర్లూ ఒకే కావ్యం చుట్టూ తిరుగుతాయి. అది బుద్ధుని దంతధాతువు చరిత్రను చెప్పే పాళీ కావ్యం, దాఠావంసం.

ప్రేమ, మరణం, దైవం అనే మూడింటినీ కలిపి చెప్పిన ప్రాచీన కవిత్వం అనగానే పండితుల దృష్టి సాధారణంగా ఈజిప్టు వైపు, మెసొపొటేమియా వైపు మళ్ళుతుంది. దాఠావంసాన్ని ఆ రెండు సంప్రదాయాల పక్కన ఉంచి చదవడం అరుదు. అలా చదివితే మూడు సంప్రదాయాలూ ఒకే ప్రశ్నకు మూడు భిన్నమైన సమాధానాలు చెప్పినట్లు తెలుస్తుంది. ప్రేమించినవారు మరణించినప్పుడు, మిగిలిన దేహాన్ని ఏం చేయాలి? ఇదే ఆ ప్రశ్న.

నైలు తీరం: దేహాన్ని కూర్చడం

ఈజిప్టు సమాధానం ఐసిస్ దేవత కథలో ఉంది. సోదరుడైన సేత్ చేతిలో ఒసిరిస్ హతుడయ్యాడు. భార్యా సోదరీ అయిన ఐసిస్, తన చెల్లెలు నెఫ్తిస్‌తో కలిసి అతని దేహాన్ని వెదికి, అవయవాలను కూర్చి, తిరిగి ప్రాణం పోసింది. సఖారాలోని ఉనాస్ రాజు పిరమిడ్ గోడల మీద క్రీ.పూ. 24వ శతాబ్దిలో చెక్కిన మంత్రపాఠాలతో మొదలైన పిరమిడ్ పాఠాలలోనే ఈ కథ ఛాయలు కనబడతాయి. 18వ రాజవంశ కాలపు అమెన్‌మోస్ శిలాఫలకం మీది ఒసిరిస్ స్తోత్రంలో ఐసిస్ పక్షిరూపంలో భర్తను వెదుకుతుంది. రెక్కలతో నీడ పడుతుంది, రెక్కల గాలితోనే ఊపిరి ఊదుతుంది. మృతుడైన భర్త వల్ల ఆమె హోరస్‌ను కంటుంది. ఇక్కడ ప్రేమ మృత్యువుతో వాదించదు. చెదిరిన దేహాన్ని చేతులతో కూర్చుకుంటుంది. మమ్మీని కట్టే విద్య వెనుక ఉన్న భావన కూడా ఇదే. మరణించిన ప్రతి మనిషీ ఒసిరిస్ కాగలడు.

ఈ విశ్వాసం వల్ల ఈజిప్టు కవిత్వంలో శంక లేదని అనుకోరాదు. హారిస్ 500 అనే సంఖ్యతో ప్రసిద్ధమైన పపైరస్ చుట్టలో ప్రేమగీతాలు ఉన్నాయి. అదే చుట్టలో ఇంతెఫ్ రాజు సమాధికి చెందినదని చెప్పే వైణికుని గీతమూ ఉంది. పరలోకానికి పోయినవారెవరూ తిరిగివచ్చి అక్కడి సంగతులు చెప్పలేదని, కనుక ఉన్న దినాన్ని సంతోషంగా గడపమని ఆ గీతం భావం. ప్రియులు పరస్పరం సోదరా, సోదరీ అని పిలుచుకొనే ఆ ప్రేమగీతాల మరొక ప్రసిద్ధ సంపుటి చెస్టర్ బీటీ పపైరస్. అది దెయిర్ ఎల్-మదీనాకు చెందినది. రాజసమాధులను తొలిచిన పనివారు కుటుంబాలతో నివసించిన గ్రామం అది. పగలంతా మృతుల ఇళ్ళను తొలిచేవారి ఊరిలో హాథోర్ దేవతను ప్రియుని కోసం ప్రార్థించే పాటలు భద్రమయ్యాయి.

రెండు నదుల నడుమ: దేహాన్ని విడువలేకపోవడం

మెసొపొటేమియాలో సమాధానం కఠినమైనది. సుమేరు ప్రేమగీతాలలో నాయికానాయకులు ఇనాన్నా దేవత, ఆమె ప్రియుడు దుముజీ. వివాహోత్సాహంతో నిండిన ఆ పాటల జంటే మరొక కావ్యంలో మృత్యువు పాలవుతుంది. ఇనాన్నా పాతాళానికి దిగుతుంది. ఏడు ద్వారాల వద్ద ఏడు ఆభరణ వస్త్రాలను విడిచి, చివరికి శవమై కొయ్యకు వేలాడుతుంది. ఎంకి దేవుడు పంపిన జీవజలంతో లేచినా, తన స్థానంలో మరొకరిని ఇవ్వనిదే ఆమెకు విడుదల లేదు. తిరిగివచ్చి చూస్తే దుముజీ విలపించకుండా మంచి వస్త్రాలు ధరించి సింహాసనం మీద కూర్చున్నాడు. ఆమె అతనినే అప్పగించింది. అతని సోదరి గెష్తినాన్నా సగం ఏడాది తాను పాతాళంలో ఉండడానికి ఒప్పుకుంది. పాతాళ నియమానికి దేవతలూ లోబడవలసిందే. ప్రియురాలి ప్రేమ అతనిని కాపాడలేదు. సోదరి ప్రేమ శిక్షను సగం చేయగలిగింది.

గిల్గమేష్ కావ్యం ఇదే వేదనను మానవుల మధ్యకు తెచ్చింది. మిత్రుడు ఎన్కిడు మరణిస్తే గిల్గమేష్ ఆరు పగళ్ళు, ఏడు రాత్రులు శవాన్ని విడువలేదు. ముక్కు నుంచి పురుగు రాలిన తరువాతే ఖననానికి ఒప్పుకున్నాడు. ఆ పురుగును చూసిన భయమే అతనిని అమరత్వం వెదుకుతూ లోకం చివరకు నడిపించింది. సంపాదించిన ఔషధిని పాము అపహరించగా, చివరకు తన ఉరుక్ నగర ప్రాకారాన్ని చూపుతూ నిలబడ్డాడు. ఈ ఘట్టాన్ని చదివే బౌద్ధునికి మృత శిశువును చంకన వేసుకొని ఇల్లిల్లూ తిరిగిన కిసాగోతమి గుర్తుకురాక మానదు. థేరీగాథల అట్టకథలో ఆమె ఆవగింజల కోసం తిరిగి, మరణం ఎరుగని ఇల్లు లేదని తెలుసుకుంది. ఇద్దరూ శవాన్ని విడువలేకపోయినవారే. గిల్గమేష్ తన మరణాన్ని తప్పించుకోవాలని బయలుదేరాడు. కిసాగోతమి అందరి మరణాన్నీ చూసి వెనుదిరిగింది.

కుశినగరం నుంచి కళింగం: దేహాన్ని పంచడం

బౌద్ధ సంప్రదాయం మూడో మార్గాన్ని చూపింది. మహాపరినిబ్బాన సుత్తంలో బుద్ధుని పరినిర్వాణ సమయాన దేవతలు కూడా దుఃఖించారు. రాగం విడిచినవారు మాత్రం స్మృతితో ఊరుకున్నారు. దేవతలు అక్కడ మృత్యువుకు అధికారులు కారు, సాక్షులు మాత్రమే. దహనానంతరం ధాతువుల కోసం యుద్ధం రాబోగా ద్రోణుడనే బ్రాహ్మణుడు వాటిని ఎనిమిది భాగాలు చేశాడు. ఐసిస్ చెదిరినదాన్ని కూర్చితే, ద్రోణుడు కలిసి ఉన్నదాన్ని పంచాడు. ఆ దేహానికి పునరుజ్జీవనం లేదన్న ఎరుక నుంచే ఆ పంపకం సాధ్యమైంది. తెలుగునేల మీద భట్టిప్రోలు స్తూపంలో 1892లో అలెగ్జాండర్ రే వెలికితీసిన ధాతుపేటికలు, వాటి బ్రాహ్మీ లేఖనాలు ఆ పంపకం దక్షిణాపథం వరకూ సాగిందని చెప్పే సాక్ష్యాలు.

ధమ్మకిత్తి స్థవిరుడు 13వ శతాబ్ది ఆరంభంలో, ఒక పాత సింహళ రచన ఆధారంగా, దాఠావంసాన్ని రచించాడు. చితి నుంచి ఖేమ థేరుడు తీసిన దంతం కళింగ రాజు బ్రహ్మదత్తునికి చేరుతుంది. తరతరాల తరువాత గుహశివుని కాలంలో దాన్ని పాటలీపుత్రానికి తెప్పించిన పాండురాజు నిప్పుల గుండంలో వేయించి, దాగలి మీద కొట్టించి నాశనం చేయజూస్తాడు, అది నశించదు. దంతాన్ని అర్చించడానికి ఉజ్జయిని నుంచి వచ్చిన రాజకుమారునికి గుహశివుడు తన కుమార్తె హేమమాలనిచ్చి వివాహం చేస్తాడు. శత్రువులు దండెత్తినప్పుడు, తాను మరణిస్తే ధాతువును సింహళానికి చేర్చమని వారికి చెప్పి యుద్ధానికి వెళ్ళి మరణిస్తాడు. దంపతులు మారువేషాలలో తామ్రలిప్తి చేరి ఓడ ఎక్కుతారు. హేమమాల దంతాన్ని కేశపాశంలో దాచి తెచ్చిందని సింహళ సంప్రదాయం.

ఇక్కడ ప్రేమ చేసే పని గమనించదగినది. హేమమాల ఐసిస్ వలె మృతుని బ్రతికించదు; ఇనాన్నా వలె ప్రియుని అప్పగించదు; గిల్గమేష్ వలె అమరత్వాన్ని వెదకదు. తండ్రిని పోగొట్టుకున్న కూతురు, పుట్టిన దేశాన్ని విడిచి, భర్తతో కలిసి ఒక బాధ్యతను మోస్తుంది. ఆ దాంపత్యం ఒకరినొకరు దక్కించుకోవడానికి కాక, ఇద్దరూ కలిసి మరొకదాన్ని దాటించడానికి ఏర్పడింది. నాగులు, దేవతలు ఆ దారిలో ధాతువుకు అర్చకులుగానే కనబడతారు.

ముగింపు: దంతపురం ఎవరిది?

చరిత్రకారుడు ఇక్కడ కావ్యాన్ని, చరిత్రను వేరుచేసి చూడవలసి ఉంటుంది. శ్రీమేఘవర్ణుని పాలనలో, అంటే 4వ శతాబ్దిలో, కళింగం నుంచి దంతధాతువును ఒక బ్రాహ్మణ స్త్రీ తెచ్చిందని మాత్రమే చూళవంసం చెబుతుంది. రాజకుమార్తె, రాజకుమారుడు కావ్యంలో కనబడతారు. దంతపురం ఎక్కడన్న ప్రశ్నకూ ఏకాభిప్రాయం లేదు. కన్నింగ్‌హామ్ దాన్ని రాజమహేంద్రవరంగా భావించాడు. పూరీ అన్నవారున్నారు. తొలి గాంగ రాజుల శాసనాలలో దంతపురం పేరు కనబడడం వల్ల శ్రీకాకుళం కోటకు బలం చేకూరుతుంది. దాంతన్‌కు పేరులోని పోలిక తోడైంది. అక్కడికి సమీపంలోని మొఘల్‌మారిలో 2003 నుంచి కలకత్తా విశ్వవిద్యాలయం తరఫున అశోక్ దత్తా జరిపిన తవ్వకాలలో గొప్ప విహారం, సున్నపు ముద్దతో చేసిన శిల్పాలు, లేఖనాలున్న మట్టి ముద్రలు బయటపడ్డాయి. అయితే ఆ విహారం 6వ శతాబ్ది నుంచి వికసించినది. ధాతువు దాటిపోయినట్లు చెప్పే కాలానికి అది తరువాతిది. పేర్ల పోలిక రుజువు కాజాలదు. కోటను దంతవక్త్రునికి ముడిపెట్టిన జనశ్రుతి కూడా పేరు నుంచి పుట్టిన కథే కావచ్చు.

ఈజిప్టులోనూ ఇదే జరిగింది. ఒసిరిస్ అవయవాలలో ఒక్కొక్కటి తమ వద్ద ఉందని అనేక మండలాల ఆలయాలు చెప్పుకున్నాయి, శిరస్సు అబిదోస్‌ది. అక్కడ ప్రతి మండలమూ చెప్పుకున్న భాగం ఒక పూర్ణదేహంలోనిది. బౌద్ధంలో ధాతువు ఊరికి సొంతం కాదు. అది దాటిపోవడమే కథ. దంతపురం మాదంటే మాదనే వాదంలో, దంతపురం గురించి కావ్యం చెప్పిన ముఖ్య విషయమే మరుగున పడుతోంది: ఆ నగరం దాన్ని నిలుపుకోలేకపోయింది, సురక్షితంగా పంపగలిగింది.

సందేహం లేని స్థలం తామ్రలిప్తి. 5వ శతాబ్ది ఆరంభంలో ఫాహియాన్ అక్కడ రెండేళ్ళు ఉండి సూత్రాలను వ్రాసుకొని, ప్రతిమలను చిత్రించుకొని, వర్తకుల ఓడలో పద్నాలుగు రోజులకు సింహళం చేరాడు. అనురాధపురంలో దంతధాతువు ఊరేగింపును వర్ణించాడు. హేమమాల సంగతి ఎలా ఉన్నా, ఆ దారిని, ఆ గమ్యాన్ని కన్నులారా చూసిన సాక్షి అతడు.

శ్రీకాకుళం మట్టికోటకూ, మొఘల్‌మారి విహారానికీ దంతం కథ లేకపోయినా తగిన విలువ ఉంది. వాటిని దంతపురంగా నిరూపించే తొందరలో వాటి సొంత పొరలను చెరపడం తగదు. ఆ రెండింటి నడుమ రైలు దారిలో తరాలుగా రాకపోకలు సాగించే ఖరగ్‌పూర్ తెలుగువారికి ఈ రెండు స్థలాలూ అందుబాటులోనే ఉన్నాయి. ఒకదానిని కాదని మరొకదానిని ఎంచుకోవలసిన అవసరం వారికి లేదు.