ఉప్పుగాలికి నిలిచే పెట్టె

ఖాళీ అట్టపెట్టెల లోడు దిగగానే కట్టలోంచి ఒకటి లాగి అంచు చింపేవాణ్ణి. సాపు కాగితాలు మూడు, వాటి మధ్య ముడతల కాగితాలు రెండు కనిపిస్తే ఫైవ్ ప్లై. త్రీ ప్లై అయితే లారీ వెనక్కే. అచ్చు, రంగు ఆ తర్వాత చూసేవాణ్ణి.

మా విశాఖకు పెట్టె ఆలస్యంగా వచ్చింది. 1933లో ఓడరేవు తెరిచింది ముఖ్యంగా మాంగనీసు ఖనిజం కోసం. దాన్ని ఓడలోకి గుమ్మరించడమే. బస్తా కావాలంటే చిట్టివలస, నెల్లిమర్ల జనపనార మిల్లులు దగ్గర్లోనే ఉండేవి. మాకు అట్టపెట్టె పని పెట్టింది రొయ్య. 1976లో ఫిషింగ్ హార్బరు మొదలైంది. మూడేళ్ల తర్వాత నేను ఒక ఫ్యాక్టరీ ప్యాకింగ్ హాల్లో చేరాను.

జెట్టీ మీద గంపల్లో దిగిన రొయ్య మా దగ్గర ఇటుకయ్యేది. రెండు కిలోలు ట్రేలో పేర్చి, నీళ్లు పోసి, ప్లేట్ ఫ్రీజర్లో మైనస్ 40 డిగ్రీల దగ్గర గడ్డకట్టిస్తే బ్లాక్. దానికి పాలిథీన్ చుట్టి, మైనం పూసిన డ్యూప్లెక్స్ పెట్టెలో పెట్టేవాళ్లం. అలాంటివి పది ఆ ఫైవ్ ప్లై అట్టపెట్టెలో సర్దితే మాస్టర్ కార్టన్.

ఈ ముడతల కాగితం తిండి సరుకు కోసం పుట్టలేదు. 1856లో ఇంగ్లండులో ఎత్తు టోపీల లోపలి పట్టీకి పేటెంటు తీసుకున్నారు. 1871లో న్యూయార్కులో ఆల్బర్ట్ జోన్స్ గాజుసామాను చుట్టడానికి వాడాడు. 1874లో ఆలివర్ లాంగ్ రెండు వైపులా సాపు కాగితం అంటించాకే అట్టకు నిలబడే బలం వచ్చింది.

ఆ బలాన్ని తినేసేది తేమ. ఒక ఏడాది వాయుగుండం పట్టిన వారంలో, పాత కాగితం నానబెట్టి చేసిన క్రాఫ్ట్ పెట్టెలు వచ్చాయి. నార పొట్టిది, చెమ్మకు మెత్తబడింది. మైనస్ 18 డిగ్రీల కోల్డ్ స్టోరులో పేర్చిన మూడో రోజుకి అడుగు వరస మూలలు కుంగి, పై వరసలు ఒరిగాయి. ఆ రాత్రంతా ఆడవాళ్లు వేళ్లు కొంకర్లు పోతున్నా అన్నీ విప్పి మళ్లీ కట్టారు. ఆ చేతులు తలుచుకుంటే ఇప్పటికీ నాకు బాధే.

బరువు మోసేది ముఖ్యంగా పెట్టె నాలుగు మూలలు. ముడతలు నిట్టనిలువుగా ఉండాలి, మూల మీద మూల కూర్చోవాలి. ఇటుకల గోడలా మూలలు తప్పించి పేరిస్తే బలం చాలా పోతుంది.

2003లో కంటైనర్ టెర్మినల్, 2009లో వనామీ రొయ్య సాగుకు అనుమతి వచ్చాయి. ఆర్డర్లు పెరిగేకొద్దీ పెట్టె ఖర్చు తగ్గించమనే మాటా పెరిగింది. నేను ఒప్పుకోలేదు. ఖాళీ కట్టల్ని చెక్క ప్యాలెట్ల మీద, గోడకు జానెడు ఎడంగా పెట్టించేవాణ్ణి. వాన పట్టిందంటే టార్పాలిన్ కప్పించాకే ఇంటికి వెళ్లేవాణ్ణి.