పోస్టాఫీసులో ఇచ్చిన జెండా

పక్కింటి పెద్దాయన పోయిన మర్నాడు వాళ్లావిడను కార్లో పోస్టాఫీసుకు తీసుకెళ్లాను. జెండా కోసం. ఒక ఫారం, ఆయన మిలటరీ డిశ్చార్జి కాగితం చూపించగానే కౌంటర్లో అమ్మాయి లోపలికెళ్లి ఓ పెట్టె తెచ్చి ఆవిడ చేతుల్లో పెట్టింది. శవపేటిక మీద కప్పే తొమ్మిదిన్నర అడుగుల జెండా అది. పైసా తీసుకోలేదు. స్టాంపులు అమ్మేచోట జాతీయ జెండా ఇస్తారని పదిహేనేళ్లుగా అమెరికాలో ఉన్న నాకు తెలియదు.

ఆయన వియత్నాం యుద్ధానికి వెళ్లొచ్చినవాడు. ఆ డిశ్చార్జి కాగితాన్ని ఇక్కడ డీడీ-214 అంటారు. ఆవిడ దాన్ని యాభై ఏళ్లుగా బట్టల మడతల్లో దాచింది.

మన దగ్గర మట్టి ఖర్చులిచ్చినట్టే ఇక్కడా ఇస్తారు. ఆయనలా మిలటరీ పరిహారం అందుకుంటున్నవాళ్లు మామూలు జబ్బుతో పోతే, 2024 అక్టోబరులో ఖరారైన లెక్క ప్రకారం 978 డాలర్లు. సర్వీసులో తగిలిన దెబ్బవల్ల పోతే 2,000 దాకా. వేలల్లో వచ్చే అంత్యక్రియల బిల్లుకి అది ఏ మూలకి? ఆ లెక్క చూసి నా మనసు చివుక్కుమంది. కానీ డల్లాస్-ఫోర్ట్‌వర్త్ నేషనల్ సిమెట్రీలో స్థలం, గొయ్యి తవ్వి పూడ్చడం, పేరు చెక్కిన రాయి, ఎప్పటికీ దాని ఆలనాపాలనా అన్నీ ప్రభుత్వానివే. భార్యకీ అక్కడే చోటు.

ఇదంతా అంతర్యుద్ధంతో మొదలైంది. సైనికుల కోసం శ్మశానాలు ఏర్పాటు చేసే చట్టం మీద లింకన్ 1862లో సంతకం పెట్టాడు. యుద్ధం ముగిశాక పొలాల్లో, అడవుల్లో, రోడ్ల పక్కన పూడ్చిన ఉత్తరాది సైనికులను వెతికి తవ్వితీసి, 1870 నాటికి దాదాపు మూడు లక్షల మందిని 73 శ్మశానాలకు చేర్చారు. అందులో నూటికి నలభై మందికి పైగా పేరే తెలియదు. ప్రాణమిచ్చిన నల్లజాతి సైనికులను చాలాచోట్ల విడిగా పూడ్చారు. అది చదివినప్పుడు మన ఊళ్ల శ్మశానాలు గుర్తొచ్చి తల దించుకున్నాను.

ఆ యుద్ధంలో పట్టుబడ్డ ఉత్తరాది సైనికులను ఉంచిన ఆండర్సన్‌విల్ అనే చెర జార్జియాలో ఉండేది. పధ్నాలుగు నెలల్లో దాదాపు 13,000 మంది ఖైదీలు తిండిలేక, రోగాలతో అక్కడ పోయారు. చావుల పద్దు రాసే పని డోరెన్స్ ఆట్‌వాటర్ అనే ఖైదీకి పడింది. ఇరవయ్యేళ్లు నిండని ఆ కుర్రాడు రహస్యంగా ఇంకో ప్రతి రాసుకుని కోటు లోపలి గుడ్డలో దాచి బయటికి తెచ్చాడు. 1865 వేసవిలో సమాధులకు పేర్లు పెట్టడానికి నర్సు క్లారా బార్టన్‌తో తిరిగి అక్కడికే వెళ్లాడు. ఆ జాబితా పుణ్యాన పేరు దొరకని సమాధులు 460 మాత్రమే మిగిలాయి. ఆ జాబితా గొడవలోనే సొంత సైన్యం అతన్ని విచారించి జైల్లో పెట్టింది. అది తలుచుకుంటే నాకిప్పటికీ కడుపు రగులుతుంది.

ఇక మా ఇంటి సంగతి. మా అమ్మమ్మగారి ఊరు, సైనికుల ఊరుగా పేరున్న మిలటరీ మాధవరానికి దగ్గర. మా పెదనాన్న కూడా మిలటరీయే. ఆయన పోయినప్పుడు పాడె మోయడానికి ఊరు ఊరంతా పోటీపడింది. అస్థికలు గోదావరిలో కలిపాం. ఇప్పుడు ఆయన పేరు ఏడాదికోసారి తద్దినం నాడు మా అన్న నోట పలుకుతుంది. తండ్రి, తాత, ముత్తాత, అక్కడితో సరి. ముత్తాతని కన్నాయన పేరేమిటో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. నాన్నకి ఫోన్ చేసి అడిగాను. ఆయన చాలాసేపు ఆలోచించి, తెలీదురా అన్నారు.

పక్కింటి పెద్దాయన అంత్యక్రియలకు ఇద్దరు సైనికులు వచ్చారు. కనీసం ఇద్దరైనా రావాలని 2000 నుంచి నియమం. బ్యూగిల్ మీద ఇరవైనాలుగు స్వరాలు మోగాయి. జెండాను ముక్కోణంగా మడిచి, ఒకతను మోకాలి మీద కూర్చుని ఆవిడకు అందించాడు. ఆ కుర్రాడి పెదవి వణకడం నేను చూశాను.

కొన్ని వారాలకు రాయి నిలిపారని తెలిసి మళ్లీ తీసుకెళ్లాను. ఆవిడ ఆయన పేరు తడిమి, రాయి చుట్టూ తిరిగి వెనక్కి వెళ్లింది. అక్కడ ఉత్త పాలరాయి. భార్య పేరు అటువైపు చెక్కుతారట. దాని మీద అరచెయ్యి ఆనించి, "ఇది నాది" అంది.