బాంబే గ్రూపు నుంచి క్రిబ్ దాకా

ఎర్ర రక్తకణం పైపొర మీది చక్కెరలు, ప్రొటీన్లలో శరీరం గుర్తుపట్టే భాగాలే బ్లడ్ గ్రూపు యాంటిజెన్లు. వియన్నాలో కార్ల్ లాండ్‌స్టైనర్ 1901లో ప్రకటించిన పరిశోధనతో ఏ, బీ, ఓ గ్రూపులు తెలిశాయి. 1919లో హిర్ష్‌ఫెల్డ్ దంపతులు సలోనికాలోని సైనికుల రక్తం పరీక్షించి, జనాన్ని బట్టి వీటి పాళ్లు మారతాయని చూపారు; భారతీయ సైనికుల్లో బీ ఎక్కువగా కనిపించింది. 1940లో ఆర్‌హెచ్ చేరింది.

అసలు చిక్కు 1952లో బొంబాయిలో బయటపడింది. ఓ గ్రూపు రక్తం కూడా పడని మనుషులను వై.ఎం. భెండే బృందం కనుగొంది. ఏ, బీ యాంటిజెన్లు తయారవడానికి ఆధారమైన హెచ్ పదార్థమే వీరిలో లేదు. మామూలు పరీక్షలో వీరి ఎర్రకణాలు అచ్చం ఓ గ్రూపులాగే కనిపిస్తాయి. వీరి సీరంలో మాత్రం హెచ్‌ను ఎదిరించే యాంటీబాడీ ఉంటుంది. ఆ సీరంను ఓ కణాలతో కలిపితే అవి గుంపులుగా అతుక్కుంటాయి. ఈ రెండో పరీక్ష చేయకుండా ఓ రక్తం ఎక్కిస్తే ప్రాణాపాయమే. యూరప్‌లో పది లక్షల్లో ఒకరికి ఉండే ఈ గ్రూపు మన దేశంలో సుమారు పది వేలలో ఒకరికి ఉంటుంది.

తల్లి నుంచీ తండ్రి నుంచీ లోపమున్న జన్యువే వస్తేనే బాంబే గ్రూపు కలుగుతుంది. అందుకే తెలుగు నాట మేనరికం లెక్కలోకి వస్తుంది. మేనమామ–మేనకోడలి బిడ్డకు ఏ జన్యువైనా రెండు ప్రతులూ ఒకే పూర్వికుడి నుంచి వచ్చే అవకాశం 8లో 1. మేనత్త, మేనమామ పిల్లలు పెళ్లాడితే 16లో 1. ఆంధ్రప్రదేశ్‌లోని ఇలాంటి వివాహాలపై ద్రోణంరాజు కృష్ణారావు, మీరా ఖాన్ 1963లోనే అధ్యయనం ప్రచురించారు.

ఏబీఓ, ఆర్‌హెచ్‌లతోనే కథ ముగియలేదు. ఎర్రకణాలకు అంటుకున్న యాంటీబాడీలను పట్టించే కూంబ్స్ పరీక్ష 1945లో రావడంతో కెల్, డఫీ, కిడ్ వంటి ఇతర బ్లడ్ గ్రూపు వ్యవస్థలు వరుసగా తేలాయి. 1973లో బొంబాయి పరిశోధకులు ఇండియన్ వ్యవస్థలోని ఐఎన్-ఏ యాంటిజెన్‌ను వర్ణించారు. కోలార్ జిల్లాకు చెందిన ఒక మహిళకు గుండె శస్త్రచికిత్స సమయంలో ఎవరి రక్తమూ సరిపోలేదు. బెంగళూరు, బ్రిస్టల్ ప్రయోగశాలలు అందుకు కారణాన్ని వెదికి, క్రోమర్ వ్యవస్థలో క్రిబ్ అనే కొత్త యాంటిజెన్‌ను 2025లో ప్రకటించాయి.

చిన్న ఊరి రక్తదాన శిబిరంలోనైనా, హైదరాబాద్‌లోనైనా రక్తపు సంచి మీద సాధారణంగా కనిపించేవి ఏబీఓ, ఆర్‌హెచ్ గుర్తులే. అరుదైన రక్తం మాత్రం చాలాసార్లు రోగి సొంత ఇంట్లోనే దొరుకుతుంది: తల్లిదండ్రులిద్దరిలో లోపజన్యువు ఒక్కో ప్రతి ఉంటే, ప్రతి తోబుట్టువుకూ బాంబే గ్రూపు ఉండే అవకాశం 4లో 1. కాబట్టి ఒకరిలో అది బయటపడగానే అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్లకూ పరీక్ష చేసి, సరిపోయినవారి పేర్లు అరుదైన దాతల జాబితాలో చేర్చాలి.