సీటు కింద శిథిలమైన రబ్బరు

1839లో మసాచుసెట్స్‌లోని వోబర్న్‌లో చార్లెస్ గుడ్‌ఇయర్ గంధకం కలిపిన రబ్బరును కాచి, ఎండకు జిగటపడని, చలికి పెళుసెక్కని పదార్థాన్ని సాధించాడు. 1860లో అప్పులతోనే మరణించాడు. 1929లో బ్రిటన్‌లోని డన్‌లప్ పరిశోధకులు రబ్బరు పాలను మజ్జిగలా చిలికి, ఆ నురగను గట్టిపరచారు. అమెరికన్ కార్ల సీట్లలోకీ అలాంటి మెత్తలు చేరాయి.

గంధకం రబ్బరు గొలుసులను ముడివేస్తుంది గాని, వాటిలోని జంట బంధాలను చాలావరకు అలాగే వదిలేస్తుంది. ఆక్సిజన్, ఓజోన్‌లు దాడిచేసేది వాటిపైనే. నురగ నిండా గాలి గదులే కదా! డెబ్బై ఏళ్ల సీటు విప్పితే ఒకచోట జిగురు, మరొకచోట పొడి.

తెగిన గొలుసులను అతికించే మందు లేదు. అందుకే నేర్పరులు పాత మెత్తను వెంటనే పారవేయరు. దాని కొలతలు తీసుకుని కొత్త లేటెక్సును అదే ఆకారంలో కోస్తారు. చవకైన పాలీయురెథేన్‌తోనూ ఆకారం కుదురుతుంది, కూర్చున్నప్పటి ఊపు మాత్రం రాదు.